చెవిలోని రసమట్టం

మన కర్మాగారంలో ఏ యంత్రం అదిరినా మనం ముందుగా చేసే పని దానికి కొలత పెట్టడం. కంపనం ఎంత ఉన్నది, ఏ దిశలో ఎక్కువగా ఉన్నది, ఏ వేగం వద్ద పెరుగుతున్నది అని చూచిన తరువాతనే పనిముట్టు చేతికి తీసుకొంటాం. కొలత లేని మరమ్మతును ఏ ఫోర్‌మన్ కూడ హర్షించడు. కాని అదే ఫోర్‌మన్‌కు ఒకనాటి ఉదయం మంచం మీద నుండి లేవబోతుండగా ఇల్లంతా గిర్రున తిరిగినట్లయితే, కొలత అన్న ఊహే ఆయనకు రాదు. "పైత్యం చేసింది" అని నిమ్మరసం తాగటమో, "నీరసం" అని బలానికి మాత్రలు మింగటమో, "మెడ ఎముకలు అరిగాయి" అని పట్టీ కట్టుకొనటమో జరిగిపోతుంది. నెలలు గడుస్తాయి. తల తిరుగుడు మాత్రం వస్తూ పోతూ ఉంటుంది.

మనిషి నిలకడను కూడ కొలవవచ్చును. ఆ కొలతకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఒక నోబెల్ బహుమతి కూడ ఉన్నది. ఈ నెల మా శీర్షికకు అదే విషయం. మేము వైద్యులం కాము. వైద్యం చెప్పటం మా ఉద్దేశమూ కాదు. అయితే ఒక కొలత ఎలా తీస్తారు, ఆ కొలత ఏమి చెబుతుంది, ఏమి చెప్పజాలదు అని విడమరచి చెప్పటం ఇంజనీరు వృత్తిధర్మానికి వెలుపలిది కాదని మేము భావిస్తున్నాం.

మాటలు నాలుగు, కారణాలు అనేకం

తెలుగులో ఈ బాధకు మాటల కరవు లేదు. తల తిరగటం వేరు, కళ్లు బైర్లు కమ్మటం వేరు, తల దిమ్ముగా ఉండటం వేరు, నడకలో తూలటం వేరు. పరిసరాలు చుట్టూ తిరుగుతున్నట్లు తోచటం మొదటిది. లేచి నిలబడగానే చీకట్లు కమ్మి సోలిపోబోవటం రెండవది. ఈ తేడాను వైద్యునికి చెప్పటం మంచిదే. కాని రోగి వాడే మాట ఒక్కదానినే పట్టుకొని కారణం నిర్ణయించటం క్షేమం కాదని అనుభవంలో తేలింది. ఒకే మనిషి ఒకే బాధను ఉదయం ఒక మాటతో, సాయంత్రం మరొక మాటతో చెబుతాడు. అందుచేత నేటి వైద్యులు మూడు ప్రశ్నలకు ఎక్కువ విలువ ఇస్తున్నారు. ఎంతసేపు ఉంటున్నది? ఏమి చేసినప్పుడు వస్తున్నది? తోడుగా ఇంకేమి ఉన్నది?

పక్కమీద ఒత్తిగిలినప్పుడు, అటక మీది సామాను కోసం తల పైకెత్తినప్పుడు, ముగ్గు వేయటానికి వంగినప్పుడు వచ్చి, నిమిషం లోపల తగ్గిపోయే తల తిరుగుడుది ఒక దారి. చెవిలో హోరు, వినికిడి మందగింపులతో కలిసి వచ్చి గంటల తరబడి ఉండేదానిది ఇంకొక దారి. దీనికి మెనియర్ వ్యాధి అని పేరు. తల తిరగటమంటే మెదడుకు రక్తం ఎక్కటమేనని వైద్యలోకం నమ్ముతున్న కాలంలో, అది చెవి నుండి కూడ పుట్టగలదని 1861లో పారిస్ నగరంలో వాదించిన ప్రోస్పర్ మెనియర్ పేరే దానికి నిలిచింది. ఒక్కసారిగా మొదలై రాత్రింబవళ్లు ఆగకుండా రోజుల తరబడి తిరిగేది మూడవ దారి. అది చెవి నరం వాపు కావచ్చును, మెదడులో పక్షవాతమూ కావచ్చును. ఇక లేచి నిలబడినప్పుడు మాత్రమే వచ్చేదానికి ముందుగా రక్తపోటు కొలవాలి. పడుకొన్నప్పుడు ఒకసారి, లేచిన తరువాత మూడు నిమిషాల లోపల మరల కొలిచి చూస్తారు. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకు మించి గాని పడిపోతే దోషం చెవిలో కాక రక్తపోటులో వెతకవలసి ఉంటుంది. బి.పి. మాత్రలు వాడే పెద్దలలో ఇది సాధారణం.

ఒప్పులకుప్ప నేర్పే పాఠం

చిన్నతనంలో ఒప్పులకుప్ప ఆట ఆడని ఆడపిల్ల మన పల్లెల్లో అరుదు. ఇద్దరు చేతులు పెనవేసుకొని గిర్రున తిరిగి, ఠక్కున ఆగుతారు. కాళ్లు ఆగినా లోకం ఆగదు. ఎందువల్ల?

మన ప్రతి చెవి లోపలి భాగంలోను, కణత ఎముకలో దాగి, మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉన్నాయి. అవి ఒకదానికొకటి ఇంచుమించు లంబంగా అమరి ఉంటాయి. గది మూలలో నేల, రెండు గోడలు కలిసినట్లు ఊహించుకొంటే సరిపోతుంది. అర మిల్లీమీటరు కన్నా సన్నని ఆ నాళాల నిండా ద్రవం ఉంటుంది. ఒకచోట జిగురు వంటి తెర అడ్డంగా ఉంటుంది. తల తిరిగినప్పుడు ఎముక కదులుతుంది, జడత్వం వల్ల ద్రవం వెనుకబడుతుంది, తెర వంగుతుంది, తెర కింది రోమకణాలు ఆ వంపును నరానికి తెలుపుతాయి. తిరుగుతూనే ఉంటే కొద్ది సేపటికి ద్రవం కూడ నాళంతో సమానంగా తిరగసాగుతుంది. ఠక్కున ఆగితే నాళం ఆగుతుంది గాని ద్రవం ఆగదు. తెర ఈసారి రెండవ వైపుకు వంగుతుంది. పిల్లలకు లోకం తిరిగినట్లు తోచటానికి ఇదే కారణం. ఇంజనీరు భాషలో చెప్పాలంటే ఇవి కోణీయ త్వరణ మాపకాలు. మూడు అక్షాలకు మూడు.

వీటికి తోడుగా రెండు చిన్న సంచులు ఉన్నాయి. వాటిలోని మెత్తని పొర మీద సున్నపురాయిలో ఉండే పదార్థమే, అనగా కాల్షియం కార్బొనేట్, సన్నని స్ఫటికాలుగా పేర్చి ఉంటుంది. తల వంచితే ఆ స్ఫటికాల బరువుకు పొర జారుతుంది. ఏది పైన, ఏది కింద, బస్సు ముందుకు ఉరికిందా, లిఫ్టు కిందికి దిగిందా అని చెప్పేవి ఇవే. మేస్త్రీ చేతి రసమట్టమూ, వేలాడదీసిన గుండూ చేసే పనిని ఈ రెండు సంచులు కలిసి చేస్తున్నాయన్నమాట.

రెండు చెవులూ జోడెడ్ల వంటివి. తల కదలకుండా ఉన్నప్పుడు కూడ రెండు వైపుల నరాలూ సమానంగా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. కుడికి తిరిగితే కుడి చెవి సంకేతం పెరిగి ఎడమది తగ్గుతుంది. ఆ తేడాయే మెదడుకు వార్త. ఒక ఎద్దు హఠాత్తుగా కాడి దించితే బండి ఒక పక్కకు తిరిగిపోతుంది. అలాగే ఒక చెవి నరం దెబ్బతిన్నప్పుడు మనిషి కదలకుండా పడుకొన్నా మెదడుకు తేడా కనిపిస్తుంది. తేడా అంటే తిరుగుతున్నామనే అర్థం కదా!

మెదడు చెవి మాట ఒక్కటే వినదు. కన్ను, చెవి, అరికాళ్లు-కీళ్లు అనే ముగ్గురు సాక్షులను విచారిస్తుంది. టర్బైన్ రక్షణ వ్యవస్థలో మూడు సెన్సర్లు పెట్టి, రెండింటి మాట కలిస్తే చర్య తీసుకొనే పద్ధతి మనకు తెలిసినదే. మెదడు చేసేది అంత నిక్కచ్చి లెక్క కాదు గాని, కొంతవరకు ఆ పోలిక నప్పుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివేవారికి వికారం పుట్టటానికి కారణం సాక్షుల మధ్య ఈ వైరుధ్యమే. మలుపు తిరుగుతున్నామని చెవి అంటుంది, కదలటం లేదని కన్ను అంటుంది.

ఈ పత్రికతోనే ఒక పరీక్ష

పాఠకులు ఇప్పుడే ఒక ప్రయోగం చేయవచ్చును. తల కదలకుండా ఉంచి, ఈ పత్రికను అటూ ఇటూ వేగంగా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు పత్రికను కదలకుండా పట్టుకొని, అంతే వేగంతో తలను "కాదు కాదు" అన్నట్లు ఊపండి. అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. రెండింటిలోను సాపేక్ష చలనం ఒక్కటే. మరి తేడా ఎందుకు వచ్చింది? మొదటి దానిలో కన్ను చూచి వెంబడించాలి. దానికి సెకనులో పదవ వంతు కాలమైనా పడుతుంది. రెండవ దానిలో చెవి నేరుగా కంటి కండరాలకు ఆజ్ఞ ఇస్తుంది. తల ఎంత కుడికి తిరిగితే కన్ను అంత ఎడమకు తిరుగుతుంది. ఈ ప్రతిక్రియ మొదలు కావటానికి సెకనులో నూరవ వంతు చాలు.

చెవి పరీక్ష చేయబోతూ వైద్యుడు కంటివైపు ఎందుకు చూస్తున్నాడా అని చాలామంది ఆశ్చర్యపోతారు. సమాధానం పైన చెప్పినదే. ఎముకలో పూడుకొని ఉన్న సాధనాన్ని విప్పి చూడలేము. దాని ముల్లు మాత్రం కంటిలో ఉన్నది. చెవి తప్పుడు సంకేతం ఇస్తే కన్ను ఒక వైపుకు మెల్లగా జారి, రెండవ వైపుకు చటుక్కున ఎగురుతుంది. మరల జారుతుంది, మరల ఎగురుతుంది. ఈ లయబద్ధమైన కదలికను నిస్టాగ్మస్ అంటారు. రోగి చూపును ఒకచోట నిలిపితే చెవి వల్ల కలిగే నిస్టాగ్మస్ అణగిపోతుంది. కనుకనే చూపు నిలపటానికి వీలులేని దళసరి కటకాల కళ్లద్దాలనో, చీకటిలోనూ కనుపాపను చిత్రించే పరారుణ కెమెరా ఉన్న కళ్లద్దాలనో తొడుగుతారు.

బాయిలరు నేర్పిన రహస్యం

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో రాబర్ట్ బరానీ అనే యువ వైద్యుడు రోగుల చెవులను నీటితో కడుగుతుండేవాడు. కడిగిన తరువాత కొందరు తల తిరుగుతున్నదని చెప్పేవారు. ఒక రోగి నీళ్లు చల్లగా ఉన్నాయని ఫిర్యాదు చేశాడు. మరొకసారి వేడి ఎక్కువైనది. చల్లని నీటికి కంటి కదలిక ఒక వైపుకు, వేడి నీటికి దానికి వ్యతిరేక దిశకు ఉన్నట్లు బరానీ గమనించాడు. స్నానాల గదిలోని నీటి బాయిలరు ఆయన ఊహకు తట్టింది. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చల్లని నీరు కిందికి దిగుతుంది. చెవిలోని నాళంలో కూడ ఇదే జరుగుతున్నదని ఆయన గ్రహించాడు. విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో నీరు సహజ ప్రసరణతో ఎలా తిరుగుతుందో తెలిసిన మన సోదర ఉద్యోగులకు దీనిని వేరే వివరించనక్కరలేదు.

ఈ కృషికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు లభించింది. ఆ వార్త అందేనాటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా వారికి యుద్ధఖైదీగా ఉన్నాడు. స్వీడన్ రాకుమారుడు కార్ల్ చొరవతో 1916లో విడుదలయ్యాడు. తరువాత స్వీడన్‌లోని ఉప్సాలాలో పనిచేసి, 1936లో మరణించాడు.

ఈ పరీక్షకు 1942లో ఫిట్జ్‌జెరాల్డ్, హాల్‌పైక్ అనే ఇద్దరు లండన్ వైద్యులు ఒక ప్రామాణిక రూపం ఇచ్చారు. రోగిని పడుకోబెట్టి తలను 30 డిగ్రీలు ఎత్తి ఉంచితే క్షితిజ సమాంతర నాళం నిలువుగా నిలబడుతుంది. అప్పుడు చెవిలోకి 30 డిగ్రీల నీటిని, కొంత విరామం ఇచ్చి 44 డిగ్రీల నీటిని పంపుతారు. శరీరపు వేడి 37 కనుక, అటు ఏడు, ఇటు ఏడు. రెండు చెవులకూ కలిపి నాలుగుసార్లు. ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాలు తల తిరుగుతుంది. అది పరీక్ష పనిచేస్తున్నదనటానికి గుర్తే గాని అపాయం కాదు. ఊహకు ఒక లెక్క చెప్పుకొందాం. కుడి చెవికి కంటి జారుడు వేగం సెకనుకు 20, 22 డిగ్రీలుగాను, ఎడమ చెవికి 8, 10 డిగ్రీలుగాను వచ్చాయనుకొందాం. కుడి మొత్తం 42, ఎడమ 18. తేడా 24. రెండింటి మొత్తం 60. కనుక ఎడమ చెవి బలహీనత నూటికి 40. సాధారణంగా 25 దాటితే లోపం ఉన్నదని భావిస్తారు. ఈ హద్దు ఒక్కొక్క ప్రయోగశాలలో కొద్దిగా మారవచ్చును.

ఇక్కడ ఇంజనీర్లకు రుచించే ఒక విశేషం ఉన్నది. ఉష్ణ ప్రసరణకు గురుత్వం కావాలి. భారరహిత స్థితిలో వేడి ద్రవం పైకి పోదు. అసలు "పైకి" అనేదే లేదు. కనుక అంతరిక్షంలో బరానీ పరీక్ష పనిచేయకూడదు. 1983 చివర స్పేస్‌ల్యాబ్-1 యాత్రలో ఈ ప్రయోగం చేసి చూచారు. నిస్టాగ్మస్ కనిపించింది! ప్రసరణ ప్రధాన కారణమే అయినా, అదొక్కటే కారణం కాదని దీనితో తేలింది. నోబెల్ పొందిన సిద్ధాంతాన్ని కూడ డెబ్భై ఏళ్ల తరువాత కొలిచి సరిదిద్దుకోగలగటమే విజ్ఞానశాస్త్రం గొప్పతనం.

నెమ్మదిగా ఒకటి, వేగంగా ఒకటి

నీటి పరీక్ష నాళాన్ని చాలా నెమ్మదిగా కదిలిస్తుంది. నిజ జీవితంలో మన తల కదిలేది అంత నెమ్మదిగా కాదు. 1988లో సిడ్నీ నగరానికి చెందిన హల్మాగీ, కర్తాయిస్ అనేవారు ఒక సులభమైన పరీక్షను వివరించారు. రోగిని వైద్యుని ముక్కువైపు చూడమని, తలను హఠాత్తుగా కొద్ది డిగ్రీలు మాత్రం తిప్పుతారు. చెవి బాగుంటే చూపు ముక్కు మీదనే నిలుస్తుంది. చెడిపోతే చూపు తలతోపాటు పక్కకు పోయి, చటుక్కున వెనక్కు దూకుతుంది. నేడు సెకనుకు 250 చిత్రాలు తీయగల తేలికపాటి కెమెరా కళ్లద్దాలతో ఈ దూకుడును అంకెల్లో కొలుస్తున్నారు. కంటి వేగాన్ని తల వేగంతో భాగిస్తే వచ్చేదే లాభాంకం. ఆరోగ్యవంతునిలో అది ఒకటికి దగ్గరగా ఉంటుంది.

రెండు పరీక్షలెందుకని అడగవచ్చును. టర్బైన్ రోటరును బారింగ్ గేరు మీద నెమ్మదిగా తిప్పి చూచినంత మాత్రాన పూర్తి వేగం వద్ద దాని నడవడి తెలియదు. పూర్తి వేగం వద్ద బాగున్నంత మాత్రాన నెమ్మది వేగంలో లోపం లేదనీ అనలేము. మెనియర్ వ్యాధిలో నీటి పరీక్ష లోపం చూపుతూ, తల కుదుపు పరీక్ష బాగుండటం తరచుగా కనిపిస్తుంది. ఇవి గాక, చెవిలో గట్టి శబ్దం వినిపించి మెడ కండరంలోను, కంటి కింద కండరంలోను కలిగే ప్రతిస్పందనను కొలిచి స్ఫటికాల సంచుల స్థితి తెలుసుకొనే పరీక్షలు, తిరిగే కుర్చీ, కదిలే వేదిక మొదలైనవి పెద్ద ఆసుపత్రులలో ఉన్నాయి. అందరికీ అన్నీ అవసరం కావు. వినికిడి పరీక్ష మాత్రం వీటికి తోడుగా చేయించుకోవటం మంచిది.

తప్పిపోయిన స్ఫటికాలు

తల తిరుగుడు కారణాలలో మిక్కిలి తరచుగా కనిపించేది, మిక్కిలి సులభంగా నయమయ్యేది ఒక్కటే కావటం మన అదృష్టం. సంచిలోని స్ఫటికాలు కొన్ని ఊడి, నాళంలోకి, ముఖ్యంగా వెనుక నాళంలోకి చేరతాయి. తల ఒక ప్రత్యేక దిశలో కదిలినప్పుడు అవి జారుతూ ద్రవాన్ని లాగుతాయి. తెర వంగుతుంది. లోకం తిరుగుతుంది. స్ఫటికాలు అడుగుకు చేరగానే ఆగిపోతుంది. వయసు మీరిన వారిలో, తలకు దెబ్బ తగిలిన వారిలో, మగవారి కన్నా ఆడవారిలో ఇది ఎక్కువ.

దీనిని కనిపెట్టటానికి ఖరీదైన యంత్రమేదీ అక్కరలేదు. 1952లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించిన పద్ధతి చాలును. రోగిని బల్ల మీద కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు ఒక వైపుకు తిప్పి, చటుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తల బల్ల అంచుకు కొద్దిగా కిందికి వాలేటట్లు పట్టుకొంటారు. కొన్ని సెకన్ల తరువాత నిస్టాగ్మస్ మొదలై నిమిషం లోపల ఆగిపోతే జవాబు దొరికినట్లే. ఏ చెవి, ఏ నాళం అన్నది కూడ కంటి కదలిక దిశయే చెబుతుంది.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర వైద్యుడు జాన్ ఎప్లీ దీనికి చికిత్సను రూపొందించాడు. వంపులు తిరిగిన గొట్టంలో చిక్కిన గోలీని గొట్టాన్ని వరుసగా తిప్పుతూ బయటకు దొర్లించినట్లు, తలను నాలుగైదు భంగిమలలో క్రమంగా తిప్పి స్ఫటికాలను మరల సంచిలోకి చేరుస్తారు. మందు లేదు, కత్తి లేదు. ఇంత సులభమైన దానిని తోటి వైద్యులు మొదట్లో నమ్మలేదు. 1992లో ఆయన ప్రచురించిన వ్యాసం తరువాత క్రమంగా ప్రపంచమంతటా వ్యాపించింది. ఎక్కువ మందికి ఒకటి రెండు సార్లతోనే గుణం కనిపిస్తుంది. కొందరికి కొంతకాలానికి తిరిగి రావచ్చును. అప్పుడు మరల అదే చికిత్స. అయితే ఏ వైపు, ఏ నాళం అన్నది తెలియకుండా, చిత్రాలు చూచి ఇంటిలో ఎవరికి వారు చేసికొనటం తగదు. మెడ, వెన్నెముక బాధలు ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఒక రిగ్గర్ అనుభవం

మాకు తెలిసిన ఒక సీనియర్ రిగ్గర్ ఉదంతం ఇక్కడ చెప్పవలసి ఉన్నది. రోజంతా తలెత్తి క్రేన్ కొక్కెం వైపు చూస్తూ చేతితో సంజ్ఞలు ఇవ్వటం ఆయన పని. అవసరమైతే నిర్మాణం మీదికి కూడ ఎక్కాలి. ఒక రాత్రి కుడివైపు ఒత్తిగిలగా తల తిరిగింది. అప్పటి నుండి వస్తూ పోతూ ఉన్నది. ఊరిలో ఒకచోట చూపించుకొంటే మెడకు ఎక్స్‌రే తీసి, అరుగుదల అన్నారు. మెడపట్టీ, రోజుకు మూడు మాత్రలు. ఎనిమిది నెలలు గడిచాయి. ఈ ఎనిమిది నెలలూ ఆయన పైఅధికారికి ఒక్క మాట చెప్పలేదు. చెబితే ఎత్తున పనిచేసే అనుమతి పోతుంది. దానితో పాటు కొంత ఆదాయమూ, ఇరవై ఏళ్లుగా సంపాదించిన పేరూ పోతాయని భయం.

చివరకు విషయం బయటపెట్టినది ఆయన ఇల్లాలు. తన మోకాలి నొప్పికి టౌన్‌షిప్ ఆసుపత్రికి వచ్చి, "నా సంగతి తరువాత చూద్దురు గానండీ డాక్టరు గారూ! ఆయన రాత్రిళ్లు కుడిపక్కకు తిరిగితే మంచం కోడు పట్టుకొంటున్నారు. అలాగే రోజూ పైకెక్కుతున్నారు. నాకు నిద్ర పట్టటం లేదు" అన్నదట. డాక్టరు గారు మరునాడే ఆయనను పిలిపించి, చెవి నిపుణుల వద్దకు పంపారు. కుడివైపు డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేయగానే కంటిలో సమాధానం కనిపించింది. పరీక్ష, చికిత్స కలిపి అరగంట పట్టలేదు. వారం తరువాత మరల చూచి, మరొకసారి తిప్పారు. మూడవసారి పరీక్షలో ఏమీ కనిపించలేదు. కొద్ది వారాలు నేల మీది పని చేసి, వైద్యుల అనుమతితో తిరిగి తన స్థానానికి వచ్చారు.

ఈ ఉదంతం నుండి మనం గ్రహించవలసినవి మూడు. యాభై దాటిన ఎవరి మెడకు ఎక్స్‌రే తీసినా ఎంతో కొంత అరుగుదల కనిపించటం సాధారణం. అంతమాత్రాన తల తిరుగుడుకు అదే కారణమని రుజువు కాదు. ఇది మొదటిది.

ఎత్తున పనిచేసేవారికి అనుమతి ఇచ్చే ముందు కళ్లు మూయించి నిలబెడతారు, గీత మీద నడిపిస్తారు. అది మంచి పరీక్షయే. కాని స్ఫటికాల దోషం ఉన్నవాడు తల నిటారుగా ఉన్నంత సేపూ నిక్షేపంగా నిలబడతాడు, నడుస్తాడు. పరీక్షలో నెగ్గుతాడు. పైకెక్కి తలెత్తినప్పుడు పడతాడు. కనుక "పక్కమీద తిరిగినప్పుడు, తలెత్తినప్పుడు తల తిరుగుతున్నదా?" అన్న ప్రశ్న సాంవత్సరిక వైద్య పరీక్షలో తప్పక ఉండాలి. అవునన్నవారికి నిపుణుడు డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేయాలి. ఇది రెండవది.

మూడవది అధికారులుగా మనం ఆలోచించవలసినది. నిజం చెప్పినవాని అనుమతి రద్దయి, జేబు తేలికై, తోటివారిలో చులకన అయ్యేటట్లయితే నిజం ఎవరు చెబుతారు? బాధను ముందుగా చెప్పిన ఉద్యోగికి తాత్కాలికంగా నేల మీది పని ఇచ్చి, పరీక్ష చేయించి, నయమైన వెంటనే తిరిగి తీసుకొంటామన్న నమ్మకం ప్రతి విభాగాధిపతి కలిగించాలి. లోపాన్ని దాచిన యంత్రం కన్నా చప్పుడు చేసి చెప్పే యంత్రం మేలని మనకు తెలియనిది కాదు.

మాత్రల సంగతి

ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ వంటి మందులు తీవ్రమైన తల తిరుగుడును, వాంతిని అణచటానికి కొద్ది రోజులకు ఉపయోగపడతాయి. అవి స్ఫటికాలను వెనక్కు పంపజాలవు. ఒక చెవి నరం దెబ్బతిన్నప్పుడు మెదడు కొద్ది వారాలలో కొత్త లెక్క నేర్చుకొంటుంది. కాని నేర్చుకోవటానికి కదలిక కావాలి. నెలల తరబడి మాత్రలతో మెదడును జోకొడితే ఆ చదువు మందగిస్తుంది. వయసు మీరినవారు ఇటువంటి మందులను దీర్ఘకాలం వాడితే చేతులు వణకటం, నడక బిగుసుకొనటం కూడ సంభవించవచ్చును. చూపును, తలను క్రమంగా కదిలించే వ్యాయామాలను 1940లలోనే బ్రిటన్‌లో కాథోర్న్, కుక్సీ అనేవారు రూపొందించారు. వాటి మెరుగైన రూపాలను ఫిజియోథెరపిస్టులు నేడు నేర్పుతున్నారు.

క్షయకు స్ట్రెప్టోమైసిన్, తీవ్రమైన అంటురోగాలకు జెంటామైసిన్ వంటి సూదిమందులు తీసుకొన్నవారిలో కొందరికి రెండు చెవుల నిలకడ యంత్రాలూ దెబ్బతింటాయి. వీరికి తల గిర్రున తిరగదు; చీకటిలో నడవలేరు, నడుస్తుంటే దృశ్యం ఎగిరెగిరి పడుతుంది. అటువంటి చికిత్స గతంలో జరిగి ఉంటే వైద్యునికి తప్పక చెప్పాలి.

ఆలస్యం చేయరానివి

తల తిరుగుడుతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, ముఖం వంకర పోయినా, కాలు చేయి పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, ఎన్నడూ ఎరుగని తలనొప్పి, మెడనొప్పి వచ్చినా, ఆసరా లేకుండా నిలబడలేకపోయినా, నిమ్మరసం కలుపుతూ కూర్చోరాదు. అది పక్షవాతం కావచ్చును. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. మెదడు వెనుక భాగంలో వచ్చే పక్షవాతం సి.టి. స్కాన్‌లో తరచుగా కనిపించదు. మొదటి ఒకటి రెండు రోజులలో ఎం.ఆర్.ఐ. కూడ కొన్నిసార్లు తప్పవచ్చును. ఆగకుండా తల తిరుగుతున్న రోగిలో శిక్షణ పొందిన వైద్యుడు చేసే కంటి పరీక్షలు ఇక్కడ ఎంతో ఉపకరిస్తాయని 2009 నుండి వెలువడిన పరిశోధనలు చూపాయి. ఒక చిత్రమైన సంగతి ఏమనగా, అటువంటి రోగిలో తల కుదుపు పరీక్ష బాగుంటే సంతోషించరాదు. చెవి బాగున్నదంటే దోషం మెదడులో ఉండవచ్చును.

పరీక్షకు వెళ్లేవారికి

పరీక్షకు ముందు రెండు రోజులు తల తిరుగుడు మాత్రలు, నిద్రమాత్రలు ఆపమని సాధారణంగా చెబుతారు. వైద్యుని అడగకుండా దేనినీ ఆపవద్దు. బి.పి., మధుమేహం, మూర్ఛ, గుండె మందులు ఎవరికి వారు మానటం ప్రమాదకరం. మద్యం కూడదు. కడుపు నిండా భోజనం చేసి వెళ్లవద్దు; తేలికగా ఏదైనా తీసుకొంటే చాలును. స్త్రీలు ఆ రోజు కాటుక పెట్టుకోరాదు. నల్లని గీతను కెమెరా కనుపాపగా భ్రమిస్తుంది. చెవికి చిల్లు ఉన్నా, చీము కారుతున్నా ముందుగానే చెప్పాలి. అటువంటి చెవిలోకి నీరు పంపరు. తిరుగు ప్రయాణంలో స్కూటరు నడపకుండా ఒకరిని తోడు తీసుకొని వెళ్లాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, వెళ్లే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకొని వెళ్లండి. ఎంతసేపు ఉంటున్నది, ఏమి చేస్తే వస్తున్నది, తోడుగా ఏమి ఉన్నది. మన యంత్రాలకు లాగ్ బుక్ రాయటంలో మనకు సాటి లేదు. మన ఇంటి మనిషికి కూడ ఒక పుట రాస్తే, ఎనిమిది నెలల బాధ అరగంటలో తెమలవచ్చును.